పేరు నెల్లూరుది.. పద్దు బ్రెజిల్‌ది

* వంశావళి, జన్యు పరీక్షలే ఒంగోలు జాతికి రక్ష
* గిత్త అందం ఒక్కటే చూసి దాటిస్తే దూడకు చేటు

నెల్లూరు: బ్రెజిల్ దేశంలో 2023 జూన్‌లో జరిగిన ఒక వేలంలో తెల్లని ఆవు ఒకటి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. వియాటినా-19 అనే ఆ ఆవులో మూడోవంతు వాటా మాత్రమే సుమారు 70 లక్షల రియాళ్లకు అమ్ముడుపోయింది. ఆ లెక్కన ఆవు పూర్తి విలువ 43 లక్షల డాలర్లు దాటింది. అప్పటి మారకం ప్రకారం దాదాపు 35 కోట్ల రూపాయలు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ సంస్థ దానిని గుర్తించింది. ఆ ఆవు జాతి పేరు 'నెలోరి'. మన నెల్లూరు పేరే అక్కడివారి నోట అలా మారింది. దాని పూర్వీకులు గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు పరిసరాల పచ్చికబీళ్లలో మేసిన ఒంగోలు జాతి పశువులు.

ఈ వార్త చదివి కోస్తా రైతులు గర్వించారు. అయితే గర్వంతోపాటు ఒక ప్రశ్నను కూడా వేసుకోవలసి ఉంది. ఆ ధర ఆవు అందానికి మాత్రమే పలికింది కాదు. దాని తండ్రి ఎవరో, తల్లి ఎవరో, తాతముత్తాతలు ఎవరో రాసి ఉన్న పద్దుకు పలికింది. ఆ పద్దు నిజమేనని నిర్ధారించే పరీక్షలకు పలికింది. జాతి పుట్టిన ఈ గడ్డపై పశువుల కొట్టంలో కట్టేసి ఉన్న ఆవుకు తండ్రి ఎవరో చెప్పగల రైతులు ఎందరు?

ఓడ ఎక్కిన పశువులు

ఒంగోలు పశువుకు నెల్లూరు పేరు ఊరికే రాలేదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే వరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు ఆ తరువాత ప్రకాశం పేరు పెట్టారు. ఆంగ్లేయుల కాలంలో ఈ ప్రాంతపు తెల్లని పశువులను దొరలు 'నెల్లూరు పశువులు' అనే వ్యవహరించారు. సముద్రం దాటిన పశువులతో పాటు ఆ పేరూ దాటింది.

1868లో ఇంగ్లండుకు వెళుతున్న ఒక ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని రెండు ఒంగోలు పశువులను అక్కడే అమ్మివేసినట్లు ఆ దేశపు పశుపోషకుల చరిత్ర చెబుతోంది. పదేళ్ల తరువాత 1878లో మనోయెల్ లెంగ్రూబర్ అనే పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గ్ జంతుశాల నుంచి మరో జతను కొనుగోలు చేశాడు. ఆ తరువాత దఫదఫాలుగా దిగుమతులు సాగి, 1960ల తొలినాళ్లతో ప్రధానమైన దిగుమతులు ముగిశాయి. ఆ చివరి విడతలో వెళ్లిన గిత్తల్లో ఒకదాని పేరు 'కార్వాది'. ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం పేరే అది. మరొక గిత్త పేరు 'చెకురుపాడు'. ఈ ప్రాంతవాసులకు ఆ పేరు ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు.

అన్ని భారతీయ జాతులూ కలిపి బ్రెజిల్‌కు చేరిన పశువులు కొన్ని వేలు మాత్రమే. నేడు ఆ దేశంలోని పశువుల సంఖ్య 20 కోట్లకు పైమాటే. వాటిలో అత్యధిక భాగం నెలోరి రక్తం ఉన్నవే. ఇంత విస్తరణకు అక్కడి విశాలమైన బయళ్లు, మాంసం వ్యాపారం కారణమన్నది నిజం. అయితే 1938లోనే జాతి లక్షణాలను నిర్వచించి, వంశావళి పుస్తకం తెరవడం మరో ముఖ్య కారణం. ఉబెరాబా పట్టణం కేంద్రంగా పనిచేసే జెబూ పశుపోషకుల సంఘం నేటికీ ఆ పుస్తకాన్ని నిర్వహిస్తోంది. దూడ పుట్టిన వెంటనే సంఘానికి తెలపాలి. దూడకు గుర్తు వేయాలి. సంఘం నిపుణుడు వచ్చి చూసి ఆమోదిస్తేనే వంశావళిలో పేరు ఎక్కుతుంది. దీనికి తోడు ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాయి.

ఆబోతు నాటి కట్టుబాటు

వంశాన్ని ఎంచి పెంచడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. ఇంటి పెద్ద కాలం చేసినప్పుడు ఆయన పేరిట ఒక కోడెదూడకు అచ్చువేసి దేవుడికి వదిలే ఆచారం ఒంగోలు సీమలో ఉండేది. ఆ దూడను ఊరి పెద్దలు పరీక్షించి ఎంపిక చేసేవారు. తల్లి పాడి ఎలాంటిది, దూడ నడక ఎలా ఉంది, మూపురం, గంగడోలు, కొమ్ములు జాతికి తగినట్లు ఉన్నాయా అని చూసేవారు. అలా ఎంపికైన ఆబోతు ఊరందరి చేలలో స్వేచ్ఛగా మేసి, ఊరి మందకు తండ్రి అయ్యేది. ఒంగోలు జాతి ఔన్నత్యానికి ఈ ఆచారం దోహదపడిందని పశుశాస్త్ర గ్రంథాలు పేర్కొన్నాయి. 'అచ్చోసిన ఆబోతు' అన్న మాట ఇప్పుడు తిట్టుగా మిగిలింది గానీ, ఆనాడు ఆ అచ్చు ఊరు ఇచ్చిన యోగ్యతాపత్రం.

ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల అవసరం తగ్గింది. పాల కోసం హోల్‌స్టీన్, జెర్సీ సంకరజాతి ఆవులు, ముర్రా గేదెలు కొట్టాలలో చేరాయి. ఆబోతులు మాయమయ్యాయి. ఒంగోలు ఆవు మిగిలిన ఇళ్లలోనూ ఎదకు వచ్చిన రోజున అందుబాటులో ఏ కోడె ఉంటే దానితోనే దాటించడం అలవాటైంది. మరోవైపు బండలాగుడు పోటీలలో, అందాల ప్రదర్శనలలో నెగ్గిన గిత్తకు పేరు వస్తే చుట్టుపక్కల ఊళ్ల ఆవులన్నీ దాని వద్దకే వెళతాయి. ఈ రెండు పద్ధతుల్లోనూ ప్రమాదం పొంచి ఉంది.

దగ్గరి రక్తంతో ముప్పు

ప్రతి పశువులోనూ ఒక్కో జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తండ్రి నుంచి, మరొకటి తల్లి నుంచి వస్తుంది. అనేక లోపాలు రెండు ప్రతులూ చెడ్డవైనప్పుడే బయటపడతాయి. ఒకటి మంచిదై, మరొకటి చెడ్డదైతే పశువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. లోపాన్ని మాత్రం తన సంతానంలో సగానికి అందిస్తుంది. ఇలాంటి పశువునే వాహకం అంటారు. రెండు వాహకాలు జతకలిస్తే పుట్టే ప్రతి దూడకు నాలుగింట ఒక వంతు లోపం బయటపడే అవకాశం ఉంటుంది.

బంధువులైన పశువులలో ఒకే చెడ్డ ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. తండ్రి గిత్తను కూతురితో దాటిస్తే దూడ జన్యువులలో సగటున 25 శాతం చోట్ల ఒకే పూర్వీకుడి ప్రతి రెండుసార్లు చేరుతుంది. ఒకే తండ్రికి వేర్వేరు తల్లులకు పుట్టిన అన్నాచెల్లెళ్ల మధ్య అయితే ఇది 12.5 శాతం. ఫలితం ఎప్పుడూ వింత రోగం రూపంలోనే కనిపించదు. పెయ్య ఆలస్యంగా ఎదకు వస్తుంది. చూలు నిలవదు. దూడ బలహీనంగా పుడుతుంది. పాలు తగ్గుతాయి. మేతలోనో, వాతావరణంలోనో లోపమని రైతు భావిస్తాడు. అసలు కారణం వంశంలో ఉందన్న అనుమానమే రాదు.

ఒక ఊరిలో ఒకే గిత్త నాలుగైదేళ్లు ఉంటే ఈ పరిస్థితి తప్పదు. దాని కూతుళ్లు మూడేళ్లకు ఎదకు వస్తాయి. తండ్రి అక్కడే ఉంటాడు. అందుకే కూతుళ్లు ఎదకు వచ్చేలోగా, అంటే రెండు మూడేళ్లకు ఒకసారి, ఊరి గిత్తను మార్చాలన్నది పశు సంవర్ధనలో ప్రాథమిక సూత్రం.

ఒక్క గిత్త లోపం.. లక్షల దూడలకు శాపం

కృత్రిమ గర్భధారణతో ఈ ముప్పు పరిధి మరింత పెరిగింది. ఒక గిత్త వీర్యం నుంచి వేలాది మోతాదులు తయారవుతాయి. గిత్త మంచిదైతే మేలు వేలింతలు అవుతుంది. లోపం ఉంటే కీడు కూడా అంతే.

ఇందుకు అమెరికాలోని హోల్‌స్టీన్ జాతి అనుభవమే నిదర్శనం. 1952లో పుట్టిన 'ఆస్‌బార్న్‌డేల్ ఐవన్‌హో' అనే గిత్త సంతతి అధిక పాడికి పేరు పొందింది. దాని మనుమడు 'ఐవన్‌హో బెల్' వీర్యాన్ని అనేక దేశాలు వాడాయి. అయితే ఆ వంశంలో బ్లాడ్ అనే లోపం దాగి ఉంది. ఆ లోపం రెండు ప్రతులుగా ఉన్న దూడలలో తెల్ల రక్తకణాలు రక్తనాళం దాటి సూక్ష్మజీవులున్న చోటికి చేరలేవు. చిగుళ్లు పుండ్లు పడి, ఊపిరితిత్తులకు జబ్బు చేసి దూడలు చిన్ననాడే మరణిస్తాయి. 1990ల ఆరంభంలో దీనికి కారణమైన జన్యు మార్పును కనుగొనేనాటికి అమెరికాలో వీర్యం సేకరిస్తున్న హోల్‌స్టీన్ గిత్తలలో ఏడింటికి ఒకటి చొప్పున వాహకంగా తేలింది. పరీక్ష వచ్చిన తరువాత వాహకాలను తొలగించి ఆ జాతిని కాపాడుకున్నారు.

బ్రెజిల్ నెలోరికీ ఈ విషయంలో మినహాయింపు లేదు. కోట్ల పశువులున్నా వాటి వంశవృక్షాల పైకొమ్మలు కార్వాది వంటి కొద్దిపాటి గిత్తల వద్దే కలుస్తాయి. సంఖ్య పెరిగినంతగా వైవిధ్యం పెరగలేదని అక్కడి వంశావళి అధ్యయనాలే తేల్చాయి. పద్దు ఉన్నందువల్లనే ఆ సంగతి వారికి తెలిసింది. పద్దు లేనిచోట ముప్పు ఉన్నా తెలియదు.

కుక్కల పెంపకం నేర్పిన పాఠం

పేరున్న జాతి కుక్కల పెంపకం ఇందుకు మరో కోణం. బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ 1873లోనే ఏర్పడింది. కుక్కల వంశావళులను శ్రద్ధగా రాసిపెట్టింది. అయితే చాలాకాలం రూపానికే పెద్దపీట వేసి, ఆరోగ్యాన్ని పరీక్షించకపోవడంతో జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ జాతులలో తుంటికీలు లోపాలు, పగ్ వంటి పొట్టి మూతి కుక్కలలో శ్వాస ఇబ్బందులు స్థిరపడ్డాయి. పద్దు ఉండి పరీక్ష లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇది. ఇప్పుడు బాధ్యత గల పెంపకందారులు జత కట్టించే ముందు తుంటికి ఎక్స్‌రే, కంటి వ్యాధులకు డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తున్నారు. మన దేశంలోనూ 2017 నిబంధనల ప్రకారం కుక్కపిల్లలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి.

పరీక్షలు ఏం చెబుతాయి?

పశువులలో జన్యు పరీక్షలు ప్రధానంగా నాలుగు రకాలు.

మొదటిది క్రోమోజోముల పరీక్ష. పశువు కణంలో 60 క్రోమోజోములు ఉంటాయి. రెండు క్రోమోజోములు అతుక్కుపోయి ఉంటే గిత్త పైకి దృఢంగానే కనిపిస్తుంది గానీ, దాని వల్ల ఆవులు సరిగా చూలు కట్టవు. ఈ పరీక్షలో మరో విశేషం ఉంది. మూపురం గల భారతీయ జాతుల వై క్రోమోజోము ఆకారం ఒక రకంగా, ఐరోపా జాతులది మరో రకంగా ఉంటుంది. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది. కనుక ఒంగోలు పోలికలున్న గిత్తకు తండ్రి వైపున ఎప్పుడో విదేశీ గిత్త ఉంటే సూక్ష్మదర్శిని కింద ఆ గుట్టు బయటపడుతుంది.

రెండోది దాగి ఉన్న లోపాల పరీక్ష. బ్లాడ్ వంటి లోపాల వాహకాలను ఇది పట్టిస్తుంది. హోల్‌స్టీన్ రక్తం ఉన్న గిత్తలకు ఇది తప్పనిసరి.

మూడోది తల్లిదండ్రుల నిర్ధారణ. దూడలోని ప్రతి గుర్తూ సగం తల్లిలో, సగం తండ్రిలో కనిపించాలి. కనిపించకపోతే రాసిన పేరు తప్పన్నమాట. పుస్తకంలోని పద్దు నిజమో, కాదో తేల్చేది ఈ పరీక్షే.

నాలుగోది జన్యు చిప్. వేలాది గుర్తులను ఒకేసారి చదివి జాతి శుద్ధతను, పశువుల మధ్య బంధుత్వాన్ని, సంతానానికి అందించగల గుణాలను అంచనా వేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ రూపొందించిన 'ఇండిగౌ' చిప్‌ను 2021 ఆగస్టులో విడుదల చేశారు. ఇందులో 11,496 గుర్తులు ఉన్నాయి. ఒంగోలు, గిర్, కాంక్రేజ్, సాహివాల్ తదితర దేశీ జాతులను దృష్టిలో పెట్టుకుని దీనిని తయారుచేశారు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి దేశీయ పశువుల కోసం మరో ఉమ్మడి చిప్‌ను మహారాష్ట్రలోని వాషిమ్‌లో ఆవిష్కరించారు.

చిప్ వల్ల కాలం కలిసివస్తుంది. పాత పద్ధతిలో గిత్త విలువ దాని కూతుళ్ల పాలను కొలిస్తేనే తెలిసేది. గిత్త వీర్యం ఇవ్వడానికి దాదాపు మూడేళ్లు, చూలుకు తొమ్మిదిన్నర నెలలు, పుట్టిన పెయ్య ఈనడానికి మూడున్నర నుంచి నాలుగేళ్లు, ఆపై పాడి కొలవడానికి కొన్ని నెలలు పడుతుంది. గిత్త మంచిదని తేలేనాటికి దానికి ఎనిమిది, తొమ్మిదేళ్లు నిండుతాయి. చిప్ దూడ ప్రాయంలోనే అంచనా ఇస్తుంది. కానీ ఆ అంచనాకు ఆధారం వేలాది ఆవుల పాల లెక్కలు, ఈతల లెక్కలు. ఇంటింటా ఆ లెక్కలు రాయకపోతే చిప్ చదివిన అక్షరాలకు అర్థం చెప్పేవారు ఉండరు.

మార్కెట్లో వినిపించే ఏ2 పరీక్షను కూడా రైతులు సరిగా అర్థం చేసుకోవాలి. పాలలోని ఒక మాంసకృత్తి రకాన్ని మాత్రమే అది తెలుపుతుంది. ఏ2 రకం జన్యువు విదేశీ ఆవులలోనూ ఉంటుంది. కనుక దానిని జాతి శుద్ధతకు గాని, పశువు ఆరోగ్యానికి గాని ధ్రువపత్రంగా భావించరాదు.

మన చేతిలో ఉన్నవి

ఒంగోలు జాతి కోసం పనిచేసే కేంద్రాలు కోస్తాలో లేకపోలేదు. గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధన కేంద్రం, ప్రకాశం జిల్లా చదలవాడ పశుక్షేత్రం మేలు జాతి మందలను పోషిస్తున్నాయి. లాం కేంద్రం పిండ మార్పిడి పద్ధతిలోనూ ఒంగోలు దూడలను పుట్టించింది. నెల్లూరు జిల్లా కొండాపురం మండలం చింతలదేవిలో దక్షిణ భారతానికి జాతీయ కామధేను పునరుత్పత్తి కేంద్రం ఏర్పాటైంది. ఇలాంటి కేంద్రాలు దేశం మొత్తంమీద రెండే. రెండోది మధ్యప్రదేశ్‌లోని ఇటార్సీ వద్ద ఉంది.

కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఘనీకృత వీర్య కేంద్రాల గిత్తలకు క్షయ, బ్రూసెల్లోసిస్ తదితర అంటువ్యాధుల పరీక్షలతోపాటు క్రోమోజోముల పరీక్ష జరగాలి. వీర్యపు స్ట్రాపై గిత్త సంఖ్య, జాతి, కేంద్రం, తేదీ ముద్రించి ఉంటాయి. పశువు చెవికి వేసే 12 అంకెల పోగు ఆధారంగా వివరాలు నమోదు చేసే వ్యవస్థ కూడా దేశమంతటా ఉంది. అంటే వంశావళి పుస్తకానికి కావలసిన కాగితం, కలం రెండూ మన వద్ద ఉన్నాయి. రాయవలసింది మిగిలింది.

ఊరిలో సొంతంగా గిత్తను పోషించి ఆవులను దాటించేవారి విషయంలో ఈ జాగ్రత్తలేవీ లేవు. వీర్య కేంద్రంలో గిత్తకు జరిగే పరీక్షలలో ఒక్కటి కూడా ఆ గిత్తకు జరగదు. బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధి ఒక ఆవు నుంచి మరో ఆవుకు పాకడానికి, ఈడ్చుకుపోయే నెలల్లో గర్భస్రావాలకు, చివరకు పశువులను కాసే మనుషులకు సోకడానికి సైతం ఇది దారితీయవచ్చు.

బ్రెజిల్ నుంచి వీర్యం తెచ్చుకుంటే సరిపోతుందన్న వాదన కూడా వినిపిస్తుంటుంది. అక్కడ వందేళ్లకు పైగా మాంసం కోసం, శరీర బరువు కోసం నెలోరిని ఎంపిక చేశారు. వియాటినా బరువు 1,100 కిలోలకు పైమాటే. మన రైతుకు కావలసింది ఎండను, కరవును తట్టుకుని, ఉన్న మేతతో ఏటా ఈని, ఇంటికి చాలినన్ని పాలిచ్చే ఆవు, పొలంలో అలసిపోని ఎద్దు. అవసరం వేరైనప్పుడు ఎంపిక కూడా మనదే కావాలి. వారి నుంచి తెచ్చుకోదగినది వీర్యం కన్నా ముందు పద్దు రాసే అలవాటు.

రైతులు పాటించవలసినవి

* ఆవు ఎదకు వచ్చిన తేదీ, దాటించిన తేదీ, గిత్త పేరు లేదా స్ట్రాపై ఉన్న సంఖ్య, ఈనిన తేదీ ఒక పుస్తకంలో రాయాలి. స్ట్రాను పారవేసే ముందు గోపాలమిత్ర లేదా పశువైద్య సిబ్బందిని అడిగి ఆ సంఖ్యను నమోదు చేసుకోవాలి.

* ఆవుకు వాడిన గిత్త సంఖ్యను దానికి పుట్టిన పెయ్యకు మళ్లీ వాడరాదు. వేరే గిత్త వీర్యం కావాలని ముందే కోరాలి.

* శుద్ధమైన ఒంగోలు ఆవుకు ఒంగోలు గిత్త వీర్యమే వేయించాలి. ఒకసారి సంకరమైతే ఆ దూడలో సగం రక్తం పోయినట్లే.

* ఊరి గిత్తను రెండు మూడేళ్లకు ఒకసారి దూరపు ఊరి గిత్తతో మార్చుకోవాలి. దాటుకు వాడే ముందు బ్రూసెల్లోసిస్, క్షయ పరీక్షలు చేయించాలి.

* పోటీలలో నెగ్గిన గిత్త అయినా తల్లి పాడి, ఈతల మధ్య వ్యవధి, తోబుట్టువుల ఆరోగ్యం విచారించిన తరువాతే ఎంచుకోవాలి.

* ఎక్కువ ధరకు గిత్తను గాని, పెయ్యను గాని కొనేటప్పుడు చెవిపోగు సంఖ్య సరిచూసుకోవాలి. తల్లిదండ్రుల డీఎన్‌ఏ నిర్ధారణ పత్రం కోరడం కొనేవారి హక్కు.

* లోపంతో పుట్టిన దూడను, పదేపదే చూలు పోయిన ఆవును దాచిపెట్టరాదు. పశువైద్యునికి తెలిపితే ఆ గిత్త వీర్యం వాడిన ఇతర రైతులకు నష్టం తప్పుతుంది.

బ్రెజిల్‌లో 1938లో తెరచిన పుస్తకం వల్ల ఆ దేశపు రైతు నేడు తన పశువు వంశాన్ని తరతరాల వెనుకకు, కరవది గిత్త దాకా చదువుకోగలుగుతున్నాడు. కరవది చుట్టుపక్కల రైతు తన ఆవుకు రెండు తరాల పేర్లు చెప్పగలగాలంటే ఈ ఏడాది పుట్టే దూడతోనే రాయడం మొదలుపెట్టాలి. అందుకు ఖర్చు ఒక నోటు పుస్తకం మాత్రమే.